ఒకే ఖాతాకు ఐదు పుస్తకాలు

బ్యాంకులో మన నిల్వ ఎంత ఉన్నదో సెల్‌ఫోనులో నొక్కి చూచుకొనే రోజులివి. జవాబు రెప్పపాటులో వస్తుంది. అది ఎక్కడనుండి వచ్చినదో మనము విచారించము. పెద్ద సంస్థల లెక్కలు ఒక్క యంత్రములోనే ఉండవు. ఒకచోట నిప్పంటుకొన్నా, కరెంటు పోయినా పని ఆగకుండా ఒకే లెక్కకు మూడో ఐదో నకళ్ళు వేరువేరు ఊళ్ళలో ఉంచుతారు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది. ఒక నకలులో వ్రాసినది తక్కినవాటికి చేరకముందే ఎవరైనా వచ్చి అడిగితే ఏమి చెప్పవలె?

మనవంటి కుటుంబాలకు ఇది సులభముగానే తెలుస్తుంది. ఐదుగురు అన్నదమ్ములు బళ్ళారి, హోసూరు, బరంపురము, షోలాపురము, యానాములలో స్థిరపడి, ఉమ్మడి ఆస్తి లెక్క ఎవరి ఇంట వారు వ్రాసుకొంటున్నారనుకొందాము. హోసూరువారు ఒక పెద్ద ఖర్చు వ్రాసినారు. ఆ ఉత్తరము అందకముందే యానామువారు తమ పుస్తకము చూచి, డబ్బంతా ఉన్నదనుకొని పెండ్లి బంగారమునకు బయానా ఇచ్చినారు. పుస్తకము అబద్ధమాడలేదు. నిన్నటి నిజము చెప్పినది, అంతే.

దీనికి 1979లో డేవిడ్ గిఫర్డ్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఓట్ల పద్ధతి నొకదానిని ప్రకటించినాడు. మన అన్నదమ్ములకు దానిని అన్వయిస్తే ఇట్లుంటుంది. ముగ్గురు వ్రాసుకొంటేనే ఖర్చు ఖరారు. నిల్వ అడిగేవారును ఏవైనా మూడు పుస్తకాలు చూడవలె. మూడు, మూడు ఆరు. ఉన్న పుస్తకాలు ఐదే. కనుక వ్రాసినవాటిలోను చూచినవాటిలోను ఒక్కటైనా ఉమ్మడిగా ఉండక తప్పదు. పద్దుకు వరుస సంఖ్య వేస్తారు గనుక పెద్ద సంఖ్య గలదే తాజాది. రెండిండ్ల తలుపులు మూసియున్నా పని సాగిపోతుంది! చిన్నపిల్లల కూడికలో ఇంత బలమున్నదా అని మాకు ముచ్చట వేసినది.

అయితే ముగ్గురి మాటకోసము వేచియుండవలె. అమెజాన్ వర్తకసంస్థ 2007లో ప్రకటించిన డైనమో అనే ఏర్పాటు ఆ నిరీక్షణను వీలైనంత తగ్గించినది. కొనేవాడు బుట్టలో సరుకు వేస్తానంటే కాదనరాదని వారి పట్టు. అందువల్ల తీసివేసిన సరుకు ఒక్కొక్కప్పుడు మరల బుట్టలో కనిపించేదని వారే వ్రాసుకొన్నారు. సబ్బుబిళ్ళ సంగతిలో పోనీలెమ్మనవచ్చును గాని, పెండ్లిడబ్బు సంగతిలో అనగలమా?

ఇంకొక చిక్కు ఇంతకంటె సూక్ష్మమైనది. అన్న ఖాతానుండి తమ్ముని ఖాతాకు వేయి రూపాయలు మారుతున్న సమయములో మొత్తమెంత అని అడిగితే, ఒక ఖాతా మార్పునకు ముందు, మరొకటి తరువాత చదివి, వేయి తక్కువగానో ఎక్కువగానో చెప్పే ప్రమాదమున్నది. అన్ని పుస్తకాలను ఒకే క్షణములో ఉన్నట్లుగా చదవవలె. కాని ఎవరి గడియారము ప్రకారము? యంత్రాల గడియారాలును మన గోడగడియారాలవలె ముందువెనుక లవుతవి. గూగుల్ సంస్థ 2012లో వివరించిన స్పానర్ అనే ఏర్పాటులో ఉపగ్రహాల సంకేతాలతోను అణుగడియారాలతోను కాలము సరిచూస్తారు. అయినా ఆ గడియారము ఇప్పుడు ఇంత అని తెగేసి చెప్పదు. ఇంతకును అంతకును నడుమ అంటుంది. ఆ నడిమి తేడా మామూలుగా సెకనులో నూరవవంతుకు లోపే. క్రొత్త పద్దు వ్రాసినవారు ఆ సందేహకాలము గడచేదాక ఆగి, అప్పుడు మాత్రమే అయినదని చెపుతారు. తరువాత ఏ మూలనుండి అడిగినా ఆ పద్దు లెక్కలోకి వస్తుంది. గడియారము తన సందేహమును తానే ఒప్పుకొనుట మాకు మిక్కిలి నచ్చినది.

ఇక నడుమ తీగ తెగిపోతే? అప్పుడు జవాబే చెప్పకుండుటయో, పాతబడినదే అయినా చెప్పుటయో, రెండిటిలో ఒకటే సాధ్యమని ఎరిక్ బ్రూవర్ 2000లో అన్నాడు. 2002లో సేత్ గిల్బర్ట్, నాన్సీ లించ్ అనేవారు దానిని గణితముతో రుజువు చేసినారు. డబ్బు విషయములో ఇప్పుడు చెప్పలేమనుటయే మేలని మా అభిప్రాయము. చిత్రమేమనగా, తీగ తెగినప్పుడు డబ్బిచ్చే ఏటీఎం యంత్రము ఒక హద్దు పెట్టుకొని కొంత సొమ్ము ఇవ్వవచ్చునని బ్రూవరే 2012లో ఉదాహరణగా వ్రాసినాడు. తీగ కలిసిన పిమ్మట పద్దులు సరిచూచి, ఎక్కువ పోయియుంటే బ్యాంకువారు ఖాతాదారునుండి రాబట్టుకొంటారు.