చలికోర్చు మొక్కలు: చీటిమీది మాట

ఇంగ్లండులో వసంతము రాగానే మొక్కల నమ్ము తోటలు జనముతో నిండును. అచట ప్రతి కుండలోను గ్రుచ్చిన చీటిపై “చలికోర్చునది, ఏటేట పూయునది” యను మాటలు కానవచ్చును. ఒక్క ఋతువుతో ముగియు మొక్కలకంటె వీనికి వెల యెక్కువ. అయినను, ఒకసారి నాటిన పెక్కేండ్లు నిలుచునను నమ్మికతో గృహస్థులును, అచట స్థిరపడిన మనవారును వీనిని కొనుచున్నారు. చలికాలము గడచి చూతురుగదా, కొన్ని చిగిర్చును. కొన్ని మట్టిలోనే క్రుళ్లిపోవును. ఇందు దోషము చలిదా, కొన్నవానిదా, అమ్మినవానిదా?

చలికోర్చుననుట అరకొర మాట. ఎంత చలికి అను ప్రశ్నకు అందు సమాధానము లేదు. అచటి రాయల్ హార్టికల్చరల్ సొసైటీవారు 2013లో మొక్కలకు ఏడు తరగతు లేర్పరచిరి. నాల్గవ తరగతి మొక్క సున్నకు దిగువ 10 డిగ్రీల వరకే తాళును. ఏడవ తరగతిది 20 డిగ్రీలు మించిన చలికిని తాళును. ఈ రెండును చలికోర్చునవియే! అంతరము మాత్రము బ్రదుకునకును చావునకును గల యంతరము.

అమెరికా వ్యవసాయశాఖవారు 1960 నుండి దేశమును శీతమండలములుగా విభజించి పటములు ప్రకటించుచున్నారు. 2023లో సవరించిన పటమున 13 మండలములు కలవు. కాని యవి ఏటేటి కనిష్ఠోష్ణముల సగటును తెలుపునే కాని రాబోవు చలికి హామీ నీయవు. మొక్క సగటువలన చావదు, ఒక్క రాత్రివలన చచ్చును. 2022 డిసెంబరులో స్కాట్లండునందలి బ్రేమార్ గ్రామమున ఉష్ణము సున్నకు దిగువ 17 డిగ్రీలకు జారెను. ఆ చలికి బ్రిటనునందు అనేకోద్యానములలో ఏండ్ల తరబడి నిలిచిన మొక్కలు సయితము మడిసినవి.

చలికంటె తడి యెక్కువ శత్రువను సంగతి పలువు రెరుగరు. టెక్సాసు ప్రాంతమున పుట్టిన గౌరా మొక్క నీరింకు ఇసుకనేలలో గట్టి చలిని తాళును. నీరు నిలుచు బంకమట్టిలో స్వల్పమైన చలికే నశించును. తడినేలలో వేళ్లకు గాలి యాడదు. గాలి లేని వేరు క్రుళ్లును. ఇది మన రైతులకు క్రొత్త సంగతి కాదు.

మరియొక కారణము పెంపకము. పగళ్లు కురుచయై, చలి మెల్లగా ముదిరినకొలది, మొక్క తన కణములలో చక్కెరలను కూర్చుకొని గడ్డకట్టుటకు సిద్ధపడును. కప్పుక్రింద వెచ్చగా పెరిగి, పూవులతో నమ్ముడుపోయి, శరత్తు చివర నాటబడిన మొక్కకు ఆ సిద్ధపాటునకు గాని, వేరూనుటకు గాని వ్యవధి యెక్కడిది? కుండలోనే విడిచిన మొక్కకు ప్రమాదము మరింత హెచ్చు. నేలలోని వేళ్లకు గల రక్షణ దానికి లేదు.

కావున కొనువారు తరగతిని, తమ నేలను పోల్చి చూచుకొనవలెను. వేళ్లు కుదురుటకు వ్యవధి యుండునట్లు నాటి, బంకమట్టియైన మడిని ఎత్తుచేసి, మొదటి చలికాలమున మొదలుచుట్టు ఆకుల ఎరువు కప్పవలెను. పెన్‌స్టెమన్ వంటివాని ఎండుకొమ్మలను వసంతమువరకు కోయరాదు. అమ్మువారు ఎన్ని డిగ్రీలకు, ఏ నేలలో, ఎన్నేండ్లు అను మూడు సంగతులను చీటిపై వ్రాయవలెను. లేనిచో పేరు గొప్ప, ఊరు దిబ్బ యను సామెతకే వారి చీటి ఉదాహరణ మగును.

ఈ న్యాయము మనకును చెల్లును. గోదావరీతీరమున కడియపు తోటల తేమలో పెరిగిన మొక్క రాయలసీమ యెండకెట్లు తాళునో, ఢిల్లీ చలికెట్లు తాళునో ముందుగా చెప్పుట అమ్మువాని ధర్మము. అడిగి తెలిసికొనుట కొనువాని ధర్మము. ఎచటనైనను నేలను చెప్పని గుణవర్ణన వర్తకుని పొగడ్తయే కాని, మొక్కకు రక్ష కాదు.