రెండు బ్యాటరీల కొలత

జపాన్ బొమ్మల కంపెనీ తమియా 1970లలో చేసిన ట్యాంకు మోడల్ కిట్టు ఎక్కడైనా కనిపిస్తే ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. చాలావాటి అడుగు పలకలో చిన్న చిన్న కన్నాలుంటాయి. అసలు ట్యాంకుకు అక్కడ అలాంటివేమీ ఉండవు. మోడళ్లు కట్టేవాళ్లు వాటిని ప్లాస్టిక్ ముక్కతోనో పుట్టీతోనో పూడ్చి, సానపట్టి, రంగు వేసి మరిచిపోతారు. నాకు మాత్రం బొమ్మ మొత్తంలో ఆ కన్నాలంటేనే ముచ్చట. అవి స్విచ్ బయటికి రావడానికీ, మోటార్ బిగించడానికీ వదిలినవి. ఇప్పుడు అద్దాల బీరువాలో కదలకుండా కూర్చునే ఆ ట్యాంకు నేలమీద పాకడానికి పుట్టిందన్నమాట.

జపాన్‌లోని షిజువోకా చెక్కపనికి పేరుపడ్డ ఊరు. యోషియో తమియా 1946లో అక్కడ పెట్టింది కలప వ్యాపారమే. మిగిలిన చెక్కతో ఓడలు, విమానాల బొమ్మ కిట్లు చేయడం పక్కపనిగా మొదలైంది. 1951లో అగ్నిప్రమాదం కలప సరుకును మింగేసింది. 1953 నాటికి కలప వ్యాపారం మానేసి బొమ్మలనే నమ్ముకున్నారు. ఈలోగా విదేశాల నుంచి ప్లాస్టిక్ కిట్లు వచ్చిపడ్డాయి, చెక్క బొమ్మను అడిగేవాడు తగ్గాడు. 1960లో తమియా తొలి ప్లాస్టిక్ కిట్టుగా యమాతో యుద్ధనౌకను తెచ్చింది. అదే నౌకను మరో కంపెనీ ఇంకా తక్కువ ధరకు అమ్మింది. ప్లాస్టిక్ మోడల్‌లో ఖర్చంతా ఉక్కు అచ్చుదే. అచ్చు చెక్కించాక సరుకు కదలకపోతే ఆ ఉక్కును చూసుకుంటూ కూర్చోవాల్సిందే. వీళ్ల గతి ఇంచుమించు అంతే అయింది.

ఆ కష్టాల మధ్య యోషియో కొడుకు షున్‌సాకు తమియా జర్మన్ పాంథర్ ట్యాంకును ఎంచుకున్నారు. దాని కవచం వాలు పలకలుగా, తిన్నటి గీతలతో ఉంటుంది కనుక అచ్చు చెక్కడం తేలిక. పెట్టెమీద బొమ్మ వేసింది షిగెరు కొమత్సుజాకి, అప్పటి పిల్లల పత్రికల్లో చేయి తిరిగిన చిత్రకారుడు. లోపల మోటార్, గేర్లు, బ్యాటరీలు. ట్యాంకు నిజంగానే నడిచింది, అమ్ముడూ పోయింది.

అసలు తమాషా ఆ తర్వాతిది. పాంథర్‌కు జోడీగా వేరే ట్యాంకులు కూడా అదే నిష్పత్తిలో చేద్దామని షున్‌సాకు కొలిచి చూస్తే 1/35 అని తేలింది. ఆ అంకె ఎవరూ లెక్కగట్టి పెట్టింది కాదు. రెండు లావుపాటి బ్యాటరీలు పట్టేంత పొట్ట కావాలి, ఆ పొట్టకు సరిపడా ట్యాంకు. ఈ సంగతి ఆయనే తర్వాత రాసుకున్నారు. ఇప్పటికీ ప్రపంచమంతటా సైనిక వాహనాల మోడళ్లకు బాగా చెల్లే కొలత అదే. బ్యాటరీలు దిగిపోయాయి, వాటి కొలత మాత్రం కదల్లేదు.

ఇక మోటార్. కెనిచి మబుచి 1940లలో గుర్రపునాడా ఆకారపు అయస్కాంతంతో చిన్న మోటార్ చేశారు. ఆయన పేరుతో పెరిగిన కంపెనీదే, బొటనవేలి పైకణుపంత ఉండే 130 రకం మోటార్. బడిలో సైన్స్ ఎగ్జిబిషన్‌కు ఫ్యాన్ తిప్పినవాళ్లూ, అన్న కారు బొమ్మను పగలగొట్టి దెబ్బలు తిన్నవాళ్లూ దాన్నో దాని నకలునో చూసే ఉంటారు. లోపల తిరిగే ఆర్మేచర్‌కు మూడు చేతులు, ఒక్కో చేతికి రాగి తీగ చుట్ట. రెండే చేతులుంటే అవి ఒక్కోసారి అయస్కాంతాలకు సూటిగా ఎదురుపడి ఆగిపోతాయి. కరెంటు ఇచ్చినా కదలవు, వేలితో తోయాలి. మూడుంటే ఎలా ఆగినా ఏదో ఒక చెయ్యి లాగుతూనే ఉంటుంది.

ఈ మోటార్‌కు వేగం దండిగా ఉంటుంది, బలం తక్కువ. అందుకే మొనకు ఎనిమిది పళ్ల చిన్న గేరు, దాని పక్కన పెద్ద గేర్లు. మోటార్ అయిదు చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరిగేలా కూర్చితే వేగం అయిదోవంతుకు దిగి, తిప్పే బలం దాదాపు అయిదింతలవుతుంది. కొంత రాపిడికి పోతుంది. గ్రీజు పూసేది అందుకే.

ట్యాంకుల కథలో మోటార్ ఎక్కువ కాలం నిలవలేదు. కొనేవాళ్లు పెద్దవాళ్లయ్యారు, వాళ్లకు నడక కంటే నిజరూపం ముఖ్యం. గేర్‌బాక్స్ పట్టడం కోసం పొట్ట వెడల్పు చేస్తే అసలు ట్యాంకు కొలత తప్పుతుంది కదా! మోటార్‌ను తీసేసినా పాత అచ్చులు ఖరీదైనవి కనుక వాటినే వాడారు. మొదట చెప్పిన కన్నాలు అలా మిగిలాయి.

వెళ్లగొట్టిన మోటార్ 1982లో తమియా మినీ 4డబ్ల్యూడీ అనే చిన్న కారు బొమ్మల్లో, మరో వాకిట్లో తేలింది. 1/32 నిష్పత్తిలో రెండు పికప్ ట్రక్కులతో మొదలు. రెండు పెన్సిల్ బ్యాటరీలు, ఒక్క 130 మోటార్, గమ్ అక్కర్లేకుండా నొక్కితే బిగుసుకునే ముక్కలు. పళ్లు పక్కకు నిలబడి కిరీటంలా కనిపించే క్రౌన్ గేరు తిరుగుడును అడ్డం నుంచి నిలువుకు మలుపుతుంది. ఆ తిరుగుడును ఓ సన్నటి ఇనుప కడ్డీ వెనక నుంచి ముందుకు మోస్తుంది. నాలుగు చక్రాలూ లాగుతాయి. 1987లో వచ్చిన ‘డాష్! యోంకురో’ కామిక్‌లో పిల్లలు ఈ కార్ల వెంట పరుగెత్తుతూ హాకీ కర్రలతో దారి మళ్లిస్తారు. మరుసటి ఏడాదే ఈ కార్లకు జపాన్ కప్ పోటీలు మొదలయ్యాయి. 1999 తర్వాత ఆగి, 2012లో మళ్లీ వచ్చాయి. ఈసారి గీత దగ్గర నిలబడ్డవాళ్లలో ఒకప్పటి పిల్లలూ చాలామందే, తలలు నెరిసి.

ఈ కారుకు స్టీరింగ్ లేదు, రిమోట్ లేదు. పోటీ ట్రాక్‌లో గోడల మధ్య ఒక్కో వరస వెడల్పు 11.5 సెంటీమీటర్లు, కారు వెడల్పు 10.5కి మించకూడదు. మూలల్లో ఉన్న చిన్న రోలర్లు గోడకు ఆనుకుని దొర్లుతాయి, గోడే కారును తిప్పుతుంది. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. కానీ రెండూ ఒకే ఇరుసుకు బిగిసి ఉన్నాయి, కాబట్టి ఏదో ఒకటి జారక తప్పదు. అందుకే ఇక్కడ పట్టున్న మెత్తటి టైర్ల కంటే జారే గట్టి టైర్లకు గిరాకీ. నిజమైన రేసు కారు డ్రైవరు వింటే నవ్విపోతాడు.

పోటీలో స్విచ్ వేసి, చక్రాలు గిర్రున తిరుగుతున్న కారును చేత్తో ఎత్తిపట్టుకుని, దీపం మారగానే వదిలేస్తారు. వారాల తరబడి గీకి, అరగదీసి, రోలరు మార్చి చూసుకున్న బండి అది. వంతెన మీద కాస్త ఎక్కువ ఎగిరితే గోడ దాటి నేలమీద పడుతుంది. కట్టినవాడు పరుగెత్తుకెళ్లి తీసేదాకా నాలుగు చక్రాలూ గాల్లో తిరుగుతూనే ఉంటాయి.