గుండె కండరంలోని కొలిమి

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వలస వెళ్లిన తెలుగు కుటుంబాల వారసులు నేటికీ నివసించే ఖరగ్‌పూర్‌లో, బొగ్గును కదలికగా మార్చే ఇంజను సంగతి తరతరాలుగా పరిచయమైనదే; గుండె కణాలలో అటువంటి పనిని చేసే సూక్ష్మాంగాలు మైటోకాండ్రియా. కణంలో దాదాపు మూడో వంతు స్థలాన్ని ఆక్రమించే ఇవి, కొవ్వునూ చక్కెరనూ ఆక్సిజన్ సాయంతో దహించి, కణం వాడుకోగల శక్తిరూపమైన ఏటీపీ అణువును తయారుచేస్తాయి. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో 1929లో ఈ అణువును గుర్తించడం (అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా గుర్తించారు) తెలుగువారు మరింతగా తలచుకోవలసిన ఘనత.

గుండెపోటులో రక్తనాళం మూసుకుపోతే, ఆక్సిజన్ అందక ఏటీపీ తయారీ దాదాపు నిలిచిపోతుంది. అయితే నాళాన్ని తెరిచాక కూడా ముప్పు మిగిలే ఉంటుంది, ఎందుకంటే ఒక్కసారిగా వచ్చే ఆక్సిజన్ వల్ల హానికర అణువులు పుట్టి, కాల్షియంతో కలిసి మైటోకాండ్రియా పొరలో రంధ్రాన్ని తెరిపించి కణాన్ని చంపుతాయి. దీనినే పునఃప్రసరణ గాయం అంటారు. రక్తనాళాల లోపలి పొరలోనూ ఇటువంటి అణువులే, నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను హరించి, నాళాలు బిగుసుకోవడానికి కారణమవుతాయి. మైటోకాండ్రియా పొరలోని ఆ రంధ్రాన్ని మూయగలదని ఆశించిన సైక్లోస్పోరిన్ అనే మందు, 2015లో వెలువడిన పెద్ద పరీక్షలో గుండెపోటు రోగులకు మేలు చేయలేకపోయింది. అందువల్ల నొప్పి మొదలైన వెంటనే ఆసుపత్రికి చేరి నాళాన్ని తెరిపించుకోవడమే నేటికీ కండరాన్ని కాపాడే ప్రధాన మార్గం.