సిగ్గుపడుచు మెచ్చిన చిత్రములు

కొన్నాళ్ళ క్రిందట తరగతిలో ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, మీకు అన్నిటికంటె ఇష్టమైన చలనచిత్రమేది?" అని అడిగినాడు. ఆలోచింపవలసిన పని లేకుండనే "పథేర్ పాంచాలి" అని జవాబు చెప్పినాను. 1955లో సత్యజిత్ రాయ్ తీసిన ఆ చిత్రమును కాదనగల వారెవరు? విద్యార్థి తృప్తిపడి కూర్చున్నాడు. నాకు మాత్రము ఆ పూట పాఠము సరిగా సాగలేదు.

ఆ చిత్రమునందు నాకు గౌరవమున్న మాట నిజము. కాని ఇంటిల్లిపాది నిద్రించిన పిమ్మట, చప్పుడు తగ్గించుకొని, నేను మరల మరల చూచునది అది కాదు. 1946లో హాలీవుడ్డులో తయారైన "డ్యూయెల్ ఇన్ ది సన్", 1954 నాటి "జానీ గిటార్". అనగా గుఱ్ఱములు, తుపాకులు, ఎఱ్ఱని ఆకాశము, పిడుగులవంటి సంభాషణలు, ప్రతి పది నిమిషముల కొక ప్రళయము! ఆ పిల్లవానితో ఈ మాట చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఎందుకు రాలేదా అని నన్ను నేను ప్రశ్నించుకొనుటయే ఈ వ్యాసమునకు మూలము.

"డ్యూయెల్ ఇన్ ది సన్" నిర్మాత డేవిడ్ ఓ. సెల్జ్‌నిక్. 1939లో "గాన్ విత్ ది విండ్" నిర్మించి లోకమును ముంచెత్తినవాడు. ఆ విజయమును తానే దాటవలెనని అతని పట్టుదల. నివెన్ బుష్ నవలను ఆధారముగా గైకొని, చిత్రానువాదకర్తగా తన పేరే వేసికొన్నాడు. దర్శకుడు కింగ్ విడార్ నిర్మాత జోక్యమునకు విసిగి మధ్యలోనే వెడలిపోగా, మిగిలిన పని ఇతరుల చేత పూర్తి అయినది.

కథ టెక్సాస్‌లోని ఒక మహా పశుక్షేత్రములో జరుగును. యజమాని సెనెటర్ మెకాన్లెస్. అతనికి ఇద్దరు కుమారులు. జెస్సీ చదువుకొన్నవాడు, నెమ్మదస్తుడు. లూట్ అందగాడు, దుర్మార్గుడు. వీరి ఇంటికి పర్ల్ చావెజ్ అను అనాథ యువతి వచ్చి చేరును. ఆమె తల్లి అమెరికా ఆదివాసి స్త్రీ; తండ్రి ఆ భార్యను, ఆమె ప్రియుని చంపి ఉరికంబమెక్కినవాడు. పర్ల్ జెస్సీని గౌరవించును. లూట్‌ను ద్వేషించుచునే వాని వలలోనుండి బయటపడలేకపోవును. తుదకు కొండరాళ్ళ నడుమ, మండుటెండలో, ఆ ఇద్దరు ఒకరినొకరు తుపాకులతో కాల్చుకొని, నెత్తురోడుచు ప్రాకి వచ్చి, ఒకరి కౌగిలిలో ఒకరు ప్రాణములు విడుతురు.

పాఠకులు నవ్వవచ్చును. నేనును నవ్వినాను. అమెరికాలోని హాస్యప్రియులు ఆనాడే ఈ చిత్రమునకు "దుమ్ములో కామము" అని అర్థము వచ్చు ఎగతాళి పేరు పెట్టినారు. అయినను ఆ నవ్వు చిత్రమును చంపలేకపోయినది. పర్ల్ పాత్ర ధరించిన జెనిఫర్ జోన్స్, సెనెటర్ భార్యగా నటించిన లిలియన్ గిష్ ఇద్దరును ఆస్కారు బహుమతి పరిశీలనకు ఎన్నికైనారు. తరువాతి కాలమున ప్రసిద్ధ దర్శకుడైన మార్టిన్ స్కోర్సేసీ, నాలుగేండ్ల ప్రాయమున తల్లితో కలిసి ఈ చిత్రము చూచిన సంగతిని 1995లో తాను తీసిన ఒక డాక్యుమెంటరీలో తలచుకొన్నాడు.

ఇందులో ఒక ఘట్టము నాకు కంఠస్థము. సెనెటర్ భూమిమీదుగా రైలుమార్గము రానున్నది. దానిని ఆపుటకై ఆశ్వికులు నలుదిక్కులనుండి వాగులు పొంగినట్లు వచ్చి కలియుదురు. దిమిత్రి త్యోమ్కిన్ సంగీతము మిన్నుముట్టును. కాళ్ళు చచ్చిన ఆ ముసలివాడు గుఱ్ఱముపై ముందు నిలిచియుండును. అంతలో జాతీయ పతాకముతో సైన్యము వచ్చును. ఒకనాడు ఆ జెండా క్రిందనే యుద్ధము చేసిన ఆ వృద్ధుడు దానిపై తుపాకి పేల్చలేక వెనుదిరుగును. అంత ఆర్భాటము ఆ ఒక్క ముసలివాని మౌనము కొఱకే కాబోలు ననిపించును.

మన ఆలంకారికులు ఔచిత్యమును కావ్యమునకు ప్రాణమన్నారు. అనౌచిత్యమే రసభంగమునకు హేతువని ఆనందవర్ధనుడు నిర్ణయించినాడు. ఆ తత్త్వమును క్షేమేంద్రుడు ఒక శాస్త్రముగా విస్తరించినాడు. ఆ త్రాసులో తూచినచో ఈ చిత్రములు నిలువవని తోచును. అయితే మన పద్యనాటకముల మాట ఏమి? తిరుపతి వేంకటకవుల "పాండవోద్యోగ విజయములు" ఆడుచుండగా, రాయబారమునకు వచ్చిన శ్రీకృష్ణుడు హార్మోనియము శ్రుతిలో పద్యమెత్తి, రాగమును ఆకాశమునకు లాగి, జనము "వన్స్ మోర్" అనగానే అదే పద్యమును మరల పాడును. కురుసభలో ఎవరైన అంతసేపు రాగము తీయుదురా అని మన తాతలలో ఒక్కరును అడుగలేదు. పాటయే అచటి భాష అని వారికి తెలియును. మెలోడ్రామా అను పదములోనే పాట దాగియున్నది. గ్రీకు భాషలో "మెలోస్" అనగా గానము. అతిగా ఉండుట వేఱు, అబద్ధముగా ఉండుట వేఱు. మొదటినుండి తుదివరకు ఒకే శ్రుతిలో నడచిన అతిశయమునకు దాని ఔచిత్యము దానికి కలదు.

"జానీ గిటార్" చూచినపుడు ఈ మాట ఇంకను స్పష్టమగును. దర్శకుడు నికొలస్ రే. చౌక వెస్టర్న్ చిత్రములకు పేరుపొందిన రిపబ్లిక్ సంస్థ దీనిని నిర్మించినది. వియన్నా అను స్త్రీ, రానున్న రైలుమార్గమును నమ్ముకొని, ఊరి వెలుపల ఒక పానశాల కట్టుకొన్నది. ఈ పాత్ర జోన్ క్రాఫర్డ్ ధరించినది. ఎమ్మా అను మరియొక స్త్రీ పగబట్టి ఊరివారిని ఆమెపైకి ఉసికొల్పును. ఎమ్మాగా మెర్సిడెస్ మెకాంబ్రిడ్జ్ కన్నులలో నిప్పులు కురిపించినది. పురుషులు తుపాకులు పట్టుకొని చుట్టు నిలిచియుండగా, తుది పోరాటము ఈ ఇద్దరు స్త్రీల నడుమ జరుగును. వెస్టర్న్ చిత్రములలో ఇది అరుదు.

ఎమ్మా అన్న అంత్యక్రియలకు పోయినవారు ఆ నల్లని దుస్తులతోనే గుంపుగా పానశాలలో ప్రవేశింతురు. అప్పుడు వియన్నా తెల్లని గౌను ధరించి, ఒంటరిగా పియానో వాయించుచుండును. ఇంత పచ్చిగా నలుపు తెలుపు ఎవరైన చూపుదురా? కాని తరువాత జరుగునది వినుడు. గాయపడిన టర్కీ అను కుఱ్ఱవాడు ఆ గుంపునకు చిక్కును. "వియన్నా కూడ దొంగల జట్టులోనిదే అని చెప్పుము, నిన్ను విడిచిపెట్టుదుము" అని వానిని ఒత్తిడి పెట్టుదురు. వాడు ప్రాణభయముతో ఆమె పేరు చెప్పును. చెప్పినను వానిని ఉరితీయుదురు.

అది 1954వ సంవత్సరము. అంతకు ముందు కొన్నేండ్లుగా అమెరికా ప్రతినిధిసభ వారి విచారణ సంఘము చలనచిత్ర రంగములోని వారిని పిలిచి, కమ్యూనిస్టుల పేర్లు చెప్పుమని నిలదీయుచున్నది. చెప్పనివారికి పని దొరకలేదు. జానీ పాత్ర ధరించిన స్టెర్లింగ్ హేడెన్ 1951లో ఆ సంఘము ముందు నిలిచి పేర్లు చెప్పినవాడే. ఆ పనికి తాను పడిన పశ్చాత్తాపమును 1963లో ప్రకటించిన ఆత్మకథలో వ్రాసికొన్నాడు. గుంపులోని పెద్దమనిషిగా నటించిన వార్డ్ బాండ్ నిజజీవితములో కమ్యూనిస్టు వ్యతిరేకోద్యమమున ముందు నిలిచినవాడు. ఈ సంగతులెఱిగి ఆ ఉరి దృశ్యమును చూచువానికి నవ్వు రాదు. ఫ్రాన్సులో యువ విమర్శకుడుగా నున్న ఫ్రాన్స్వా త్రూఫో ఈ చిత్రమును మెచ్చి వ్రాసినాడు. 2008లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో దీనికి స్థానము లభించినది.

ఇంతవరకు నా పక్షమున వాదించుకొన్నాను. ఇక ప్రతిపక్షపు మాట కూడ చెప్పవలెను. "డ్యూయెల్ ఇన్ ది సన్"లో ఆదివాసి తల్లి బిడ్డగా నటించినది ముఖమునకు రంగు పూసికొన్న తెల్లజాతి నటి. పర్ల్ పతనమునకు ఆమె నెత్తురే కారణమన్నట్లు కథ పలుమారులు సూచించును. లూట్ చేసిన బలాత్కారమునకు మోహమను ముసుగు కప్పును. ఆ ఇంటి నల్లజాతి పనికత్తెను నవ్వులకు మాత్రమే నిలబెట్టినారు. త్యోమ్కిన్ సంగీతము ఎంత మిన్నుముట్టినను ఈ దోషములను కడుగలేదు. ఇవి ఔచిత్యదోషములు కావు, న్యాయదోషములు.

అప్పుడు నాకొక సంగతి తోచినది. నేను ఒక సిగ్గు పడుచున్నాననుకొన్నాను. నిజమునకు అవి రెండు. నలుగురు నవ్వుదురేమో అను సిగ్గు ఒకటి. ఒకరి అవమానమును నేను వినోదముగా అనుభవించుచున్నానేమో అను సిగ్గు ఇంకొకటి. మొదటిది లోకభయము, దానిని విడువవలెను. రెండవది అంతరాత్మ పిలుపు, దానిని విడువరాదు. నేను ఇన్నాళ్ళు మొదటిదానిని జాగ్రత్తగా దాచుకొని, రెండవదానిని మఱచియుంటిని. మన విద్యార్థులును తమకు నచ్చిన పుస్తకములను, పాటలను, చిత్రములను మననుండి దాచుచునే యుందురు. వారు దాచునది ఏ సిగ్గు వలననో వారికి తెలియజెప్పువారు ఎవరు? మన ఇష్టములను మనమే దాచుకొన్నచో ఆ అర్హత మనకెట్లు కలుగును?

మరునాడు తరగతిలో నా జవాబును సవరించుకొన్నాను. గుఱ్ఱములు, తుపాకులు అనగానే తరగతి యంతయు ఘొల్లుమన్నది. నవ్వు తగ్గువరకు ఆగి, పర్ల్ కథను దాని తప్పులతో సహా చెప్పినాను. పిమ్మట టర్కీ కథ చెప్పినాను. ఈ మారు ఎవరును నవ్వలేదు. వెనుక బల్లమీది అమ్మాయి లేచి, "పేరు చెప్పిన తరువాత కూడ ఉరి తీసినారా, మాస్టారూ?" అని అడిగినది.

"తీసినారమ్మా" అన్నాను. గంట మ్రోగినది. పిల్లలు వెంటనే లేవలేదు.