మందు వాన – అలవాటు కట్ట

పిల్లలూ! అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ కొద్ది రోజుల్లోనే కురిసి వెళ్లిపోతుంది. అందుకే మన పెద్దలు చెరువులు కట్టారు. విజయనగర రాజుల కాలంనాటి బుక్కరాయసముద్రం చెరువు నేటికీ ఉంది. వాన మన చేతిలో లేదు. కట్ట మాత్రం మన చేతిలో ఉంది. బరువు తగ్గించే మందుల సంగతి కూడా సరిగ్గా ఇంతే!

మనం అన్నం తినగానే పేగులు జి.ఎల్.పి.-1 అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. అది క్లోమానికి "ఇన్సులిన్ విడుదల చెయ్యి" అనీ, జీర్ణాశయానికి "నెమ్మదిగా ఖాళీ అవు" అనీ, మెదడుకు "ఇక చాలు" అనీ కబురు చెబుతుంది. కాని రెండు నిమిషాల్లోనే అందులో సగం నశిస్తుంది.

1992లో జాన్ ఎంగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు గిలా మాన్‌స్టర్ అనే ఎడారి బల్లి విషంలో ఇటువంటి పనే చేసే పదార్థాన్ని కనుగొన్నాడు. అది త్వరగా నశించదు. దాని ఆధారంగా తయారైన మధుమేహం మందుకు 2005లో అనుమతి లభించింది. తరువాత మనిషి హార్మోనునే కొద్దిగా మార్చి సెమాగ్లూటైడ్‌ను తయారుచేశారు. ఇది సగానికి తగ్గడానికి సుమారు వారం పడుతుంది. అందుకే వారానికి ఒక ఇంజెక్షన్ చాలు. బరువు తగ్గడానికి వాడే ఈ మందు 2025లో మన దేశంలో విడుదలైంది.

2021లో వెలువడిన ఒక పరిశోధనలో, ఆహార నియమాలతోపాటు ఈ మందు వాడినవారు 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గారు. మరి మందు ఆపేస్తే? ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది! ఎందుకంటే ఆకలి మళ్లీ మేలుకొంటుంది. అది మనిషి సోమరితనం కాదు, శరీర ధర్మం. అందుకే చాలామందికి ఈ మందు దీర్ఘకాలం అవసరమవుతుంది. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

డెన్మార్క్ శాస్త్రజ్ఞులు ఇదే జాతికి చెందిన లిరాగ్లూటైడ్ అనే మందుతో మరొక సంగతి తేల్చారు. చికిత్స ముగిసిన ఏడాది తరువాత చూస్తే, మందుతోపాటు వ్యాయామం చేసినవారికి తిరిగి వచ్చిన బరువు తక్కువ. మందు ఒక్కటే వాడినవారికి ఎక్కువ. చూశారా, కట్ట చేసే పని!

ఆ కట్టకు కావలసిన రాళ్లు మన ఊళ్లోనే ఉన్నాయి. మందు వాడేవారికి ఆకలి తగ్గుతుంది. తినే కొంచెంలోనే బలం ఉండాలి. లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. ఉలవగుగ్గిళ్లు, పప్పు, గుడ్డు కండను కాపాడతాయి. కొర్రన్నం, ఆకుకూరలు పీచునిస్తాయి. వేరుశనగలో మాంసకృత్తులున్నా, దాదాపు సగం నూనె. అందుకే ఊరుబిండి కొద్దిగా చాలు. వాంతులు, విరేచనాలు అయితే మన ఎండల్లో ఒంట్లోని నీరు త్వరగా తగ్గిపోతుంది, మంచినీళ్లు మరవకూడదు.

మీ ఇంట్లో పెదనాన్నో, మేనత్తో ఈ మందు వాడుతుంటే వారిని ఎగతాళి చేయకండి. రాత్రి భోజనం కాగానే వారితో కలిసి ఇరవై నిమిషాలు నడవండి. నడిచిన ప్రతిరోజూ క్యాలెండరులో ఒక గీత గీయండి. మొదట్లో భోజనం తరువాత నడకను మీరు గుర్తుచేయాలి. కొన్ని నెలలకు భోజనమే నడకను గుర్తుచేస్తుంది. అలవాటు అంటే అదే.

ఒక్క మాట: డాక్టరు చెప్పకుండా ఈ మందును పెద్దలూ వాడకూడదు, మీరూ ముట్టుకోకూడదు. కాని కట్ట వేయడానికి ఎవరి చీటీ అక్కరలేదు. వాన ఉండగానే మొదలుపెట్టాలి, అంతే!