కొత్త లాప్‌టాప్‌లో పాత వ్యవస్థ

కంప్యూటర్ యంత్రభాగాలకు, మనం వాడే ప్రోగ్రాములకు నడుమ నిలిచి, ఉభయులనూ సమన్వయపరచేది ఆపరేటింగ్ సిస్టమ్. దీనినే నిర్వహణ వ్యవస్థ అనవచ్చు. రాజ్యంలో మంత్రి వంటిది ఇది. రాజు మారినప్పుడు పాత మంత్రి ఇమడలేకపోయినట్లే, యంత్రం మారినప్పుడు పాత వ్యవస్థ ఇమడలేకపోవచ్చు.

అయినా పాతదానితో పనేమిటి? గోదావరి డెల్టాలోని రామచంద్రపురం వంటి పట్టణాలలో డి.టి.పి. కేంద్రాలు శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు కూర్చి ముద్రణకు అందిస్తాయి. తెలుగునాట ఈ పని చాలాకాలం పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీదనే సాగింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వెలువడిన 2001లోనే విండోస్ ఎక్స్‌పి కూడా వచ్చింది. ఈ రెండింటికీ అలవాటుపడిన కేంద్రంలో పాత కంప్యూటర్ మూలపడితే, కొత్త లాప్‌టాప్‌లోనూ ఎక్స్‌పినే ఎక్కించాలన్న ఆలోచన కలగడం సహజం.

ఆ ప్రయత్నం తరచు విఫలం కావడానికి కారణాలు మూడు. మొదటిది ఆరంభ విధానం. 32 బిట్ల ఎక్స్‌పి బయాస్ అనే పాత పద్ధతిలోనే మొదలవుతుంది. నేటి లాప్‌టాప్‌లు యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిని అనుసరిస్తాయి, పెక్కింటిలో పాత పద్ధతికి తావే లేదు. రెండవది డ్రైవర్ల కొరత. యంత్రభాగాలతో ఎలా సంభాషించాలో వ్యవస్థకు తెలిపే ప్రోగ్రాములే డ్రైవర్లు. కొత్త డిస్కులకు తగినవి లేక ఎక్స్‌పి సి.డి. ‘హార్డ్ డిస్క్ లేదు’ అంటుంది. విండోస్ 7 డిస్కులో యు.ఎస్.బి. 3.0 డ్రైవర్లు లేనందున కీబోర్డు, మౌస్ స్పందించకపోవచ్చు. మూడవది భద్రత. మైక్రోసాఫ్ట్ మద్దతు ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న ముగిసింది. ఆపై బయటపడే లోపాలకు క్రమంగా సవరణలు రావు. అటువంటి యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపడం తలుపులేని ఇంట్లో ధనం దాచడమే.

దీనికి సులువైన ఉపాయం వర్చువల్ మెషీన్. లాప్‌టాప్‌తో వచ్చిన కొత్త వ్యవస్థను అలాగే ఉంచి, వర్చువల్‌బాక్స్ వంటి ప్రోగ్రాముతో దానిలోనే ఒక ఊహా కంప్యూటర్‌ను సృష్టిస్తారు. ముందుగా ఫైళ్లన్నింటికీ వేరొక డిస్కులో నకలు తీయాలి. పిదప ఊహా కంప్యూటర్‌కు 1 జి.బి. మెమరీ, 20 జి.బి. డిస్కు కేటాయించి, కొనుగోలు చేసిన అసలు సి.డి., దాని కీ సంఖ్యలతో ఎక్స్‌పిని స్థాపించాలి. నెట్‌వర్క్ సంబంధాన్ని తెంచివేయాలి. అటు తరువాత పేజ్‌మేకర్‌ను, ఫాంట్లను ఎక్కించి, ఒక పాత ఫైలు తెరచి అక్షరాలు సరిగా ఉన్నవో లేవో పరీక్షించాలి.

అయితే ఇది తాత్కాలికమైన ఏర్పాటు మాత్రమే. అను వంటి పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు అక్షర ఖండాలను అమర్చారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పద్యమైనా, వచనమైనా అర్థంలేని గుర్తులుగా మారిపోతుంది. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగుకు 128 ప్రత్యేక స్థానాలు కేటాయించి ఈ చిక్కును తొలగించింది. ఎక్స్‌పిలోనే ‘గౌతమి’ అనే యూనికోడ్ ఫాంటు ఉన్నది. గోదావరి పాయ పేరూ అదే. కాని పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అందుచేత పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, గుణింతాలు తారుమారు కాకుండా పంక్తి పంక్తీ సరిచూడాలి.

తాటాకు శిథిలమయ్యేలోగా మన పూర్వులు కొత్త ఆకులపై ప్రతులు రాసుకొన్నారు. సి.పి. బ్రౌన్ (1798-1884) తాళపత్రాలు సేకరించి, పండితులచేత పరిష్కరింపజేసి, కాగితాలపై శుద్ధప్రతులు రాయించాడు. వారు కాపాడినది ఆకును కాదు, ఆకుమీది అక్షరాన్ని. పాత వ్యవస్థను కొత్త యంత్రంలో నిలపడం ఆ అక్షరాన్ని చదువుకొనేందుకు దొరికిన గడువు. ఆ గడువు తీరేలోగా ప్రతి రాసుకోవడం మన వంతు.