రెండు గదుల ఇంటికి కాగితమేదీ?

నాలుగొందల చదరపు అడుగులు... అంతకు మించకపోతే అది 'టైనీ హౌస్'. అమెరికాలో 2018 నాటి ఇళ్ల నిర్మాణ నియమావళి ఇలాంటి బుల్లి ఇళ్ల కోసం ప్రత్యేకంగా ఓ అనుబంధాన్నే చేర్చింది. ఆ మాట సంజామలలో చెబితే 'ఇందులో వింతేముంది' అంటారేమో! ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద పల్లెల్లో కట్టే ఇంటి కనీస కొలత, వంటకు చోటుతో కలిపి 25 చదరపు మీటర్లే. అంటే 269 అడుగులు. రాష్ట్రంలో 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో పల్లెవాసులకిచ్చింది సెంటున్నర స్థలం. అందులో ఇల్లు 340 అడుగులు.

కాబట్టి నంద్యాల జిల్లాలోని ఈ మండలంలో చిన్న ఇల్లు కట్టేవారికి కొలతలు పెద్ద చిక్కు కాదు. అసలు చిక్కంతా స్థలం కాగితంతోనే.

ఊళ్లో ఇల్లు కట్టాలంటే గ్రామ పంచాయతీ అనుమతి కావాలి. ప్లానుతోపాటు స్థలం తమదేనని చూపే పత్రమూ జతచేయాలి. కొత్తగా కొన్న ప్లాటుకైతే రిజిస్ట్రేషన్ దస్తావేజు ఉంటుంది. మరి తాతల నాటి మిద్దెకు? వెనకటి సర్వేలో పొలాలను నంబర్ల వారీగా కొలిచి, ఊరున్న చోటును మాత్రం గ్రామకంఠమని గంపగుత్తగా రాసేశారు. ఎవరి గోడ ఎక్కడిదాకా అన్నది లెక్కల్లోకి ఎక్కలేదు. నాపరాళ్ల గోడలు, దూలాలు, పైన మట్టి... ఇల్లు మాత్రం తరాలుగా నిలబడే ఉంది.

చేతిలో ఉండేది ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు. అవి అక్కడ ఉంటున్నామని చెబుతాయే తప్ప హక్కుదారులమని తేల్చవు. పాత మిద్దె తీసేసి రెండు గదుల స్లాబు వేద్దామంటే బ్యాంకు దస్తావేజు అడుగుతుంది. అన్నదమ్ముల మధ్య ఉమ్మడి గోడ ఎవరిదన్న తగువొస్తే, చూపడానికి ఏమీ ఉండదు.

ఈ ముడి విప్పడానికే కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం తెచ్చింది. డ్రోన్‌తో ఊరిని చిత్రించి, ఇంటింటికీ హద్దు గీసి, ఆస్తి కార్డు ఇవ్వడం దీని ఉద్దేశం. హద్దులు ఖరారయ్యే ముందు అభ్యంతరాలు చెప్పుకునే వీలుంటుంది. చాలామంది ఆ రోజు పొలం పనులకు వెళ్లిపోతారు, తర్వాత చిక్కుల్లో పడతారు. మీ ఊళ్లో కొలతలు జరిగేటప్పుడు ఇంట్లో ఒకరైనా ఉండండి. పాత భాగపంపకాల కాగితం, పన్ను రసీదులు దగ్గర పెట్టుకోండి. వాటిలో పెద్దాయన పేరే ఉండి ఆయన కాలం చేసి ఉంటే, వారసుల పేర్ల సంగతి ముందే పంచాయతీ కార్యదర్శితో మాట్లాడండి.